షెల్టర్ నుంచి రెండేళ్ల ఇండీ కుక్కను తెచ్చుకుంటున్నాం: ఏం అడగాలి, మొదటి నెల ఏం చేయాలి?

మూడో_అంతస్తు

వచ్చే ఆదివారం షెల్టర్ నుంచి ఒక ఇండీ (మన వీధుల్లో కనిపించే దేశీ రకం) ఆడకుక్కను దత్తత తెచ్చుకుంటున్నాం. వయసు రెండేళ్లన్నారు, బరువు 14 కిలోలు, చెవికి గాటు ఉంది. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, మూడో అంతస్తు. ఇంట్లో ఎనిమిదేళ్ల పాప, పగలంతా ఇంట్లోనే ఉండే మా అత్తగారు. ఎవరిని అడిగినా తలో మాట చెప్తున్నారు. ఒకరు రాగానే స్నానం చేయించమంటారు, ఇంకొకరు అస్సలొద్దంటారు. పెరుగన్నం చాలని ఒకరు, అది పెడితే నీరసించిపోతుందని ఒకరు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అప్పుడే గొణుగుడు మొదలైంది. షెల్టర్‌లో ఏం అడగాలి, ఇంట్లో ఏం సిద్ధం చేయాలి, మొదటి నెలలో దేనికి భయపడాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఆదివారం_వాలంటీర్

ముందు టీకా కార్డు చూడండి. "వేయించాం" అనే నోటిమాట చాలదు. కార్డులో మందు సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టర్ సంతకం ఉండాలి. షెల్టర్‌కు ఎప్పుడొచ్చింది, ఏ స్థితిలో వచ్చింది, నులిపురుగుల మందు చివరిసారి ఎప్పుడు వేశారు, రక్త పరీక్ష చేశారా, ఇప్పుడు ఏం తింటోంది, ఎన్ని పూటలు? ఇవన్నీ రాసుకోండి.

స్వభావం గురించి "మంచిదేనా?" అని అడిగితే ఎవరైనా మంచిదనే అంటారు. విడివిడిగా అడగాలి. తింటున్నప్పుడు మనిషి దగ్గరికొస్తే ఏం చేస్తుంది? పరుగెత్తే పిల్లల్ని చూస్తే? మగవాళ్లను చూస్తే? ఎప్పుడైనా లీష్ కట్టి నడిపించారా? మెట్లు ఎక్కిందా? వీలైతే ఆదివారంలోపు ఒకసారి పాపను, అత్తగారిని తీసుకెళ్లండి. పాప కదలకుండా కూర్చుంటే కుక్క తనంతట తాను దగ్గరికి వచ్చి వాసన చూసి పోవాలి. మూలకు నక్కి తోక ముడిచి, కళ్ల తెల్లగుడ్డు కనిపించేలా చూస్తోందంటే అది ఇంకా సిద్ధంగా లేదు. ఇంకో రెండు వారాలు వచ్చి పోతుండండి.

వెట్_కరీంనగర్

చెవి గాటు విషయం. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు, ఆ మత్తులోనే చెవికి గాటు పెడతారు. దాంతోపాటు రేబిస్ టీకా కూడా వేస్తారు. కాబట్టి గాటు ఉంటే ఆపరేషన్ అయినట్టే అనుకోవచ్చు. కానీ కుక్కలు కొట్లాడుకున్నప్పుడు చిరిగిన చెవి కూడా అలాగే కనిపిస్తుంది. గాటు అంచు నున్నగా ఉందా చూడండి. పొట్ట మధ్యలో గానీ, కుడి పక్క డొక్క మీద గానీ సన్నటి మచ్చ ఉంటుంది, వెంట్రుకలు పక్కకు తీసి చూడాలి. మన దగ్గర చాలా కేంద్రాల్లో డొక్క వైపు నుంచే కోస్తారు. పొట్ట మీద మచ్చ లేదని కంగారుపడి మళ్లీ ఆపరేషన్‌కు తీసుకెళ్లేవాళ్లున్నారు.

ఆ గాటు వల్ల మిగతా టీకాలు పడ్డాయని అర్థం కాదు. పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల జబ్బులకు కలిపి వేసే టీకా, అదే సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అని షాపుల్లో అడిగేది, వేరే. కార్డు లేని పెద్ద కుక్కకు అది మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా. రేబిస్ టీకా ఇప్పుడొకటి, నెలకు బూస్టర్, తర్వాత ఏటా. జ్వరం ఉంటే ఏ టీకా వేయరు. కుక్కకు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, మన లెక్కతో చూసి జ్వరమనుకోకండి.

తోక_ఊపు

పెద్ద కుక్క ఎందుకండీ? రెండు నెలల పిల్లను తెచ్చుకుంటే మన పద్ధతులకు అలవాటు పడుతుంది కదా. పెద్దది ఎలాంటి దెబ్బలు తిని వచ్చిందో ఎవరికి తెలుసు?

ఆదివారం_వాలంటీర్

@తోక_ఊపు ఈ ఇంటికి పిల్ల కుదరదనే నా అభిప్రాయం. రోజుకు నాలుగు పూటలు తిండి, మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పోయించడం, రాత్రి కూడా లేవడం, పళ్లు వచ్చే నెలల్లో చేతులు, చెప్పులు, వైర్లు కొరకడం. పదహారు వారాల వయసు దాకా టీకాలు పూర్తవవు, అప్పటిదాకా కింద మట్టిలో దించడానికి భయం. ఈ పనంతా పగలు అత్తగారి మీదే పడుతుంది. రెండేళ్ల కుక్క సైజు ఎంతో, నెమ్మదైనదో దూకుడైనదో ముందే తెలిసిపోతుంది. పిల్ల పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

వెట్_కరీంనగర్

కుక్కపిల్లల విషయంలో ఇంకో సంగతి. వీధిలో పుట్టినవాటికి పార్వో ఎక్కువ. సోకిన మూడు నుంచి ఏడు రోజులకు వాంతులు, రక్తంతో నీళ్ల విరేచనాలు మొదలవుతాయి, రెండు రోజులు ఆలస్యమైతే నీరంతా పోయి చనిపోతాయి. వైరస్ మట్టిలో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది దాకా బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. ఒక వంతు బ్లీచ్, ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. ఇంతకుముందు పార్వోతో పిల్ల పోయిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను తేకూడదు. పెద్ద కుక్కనైతే టీకా వేయించి తెచ్చుకోవచ్చు.

బెజవాడ_బుల్లెట్

స్నానం సంగతి తేల్చేద్దాం. మొదటి వారం వద్దు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, దాని మీద నీళ్లు, షాంపూ, హెయిర్ డ్రయ్యర్ మోత. మనిషి చెయ్యంటేనే భయం పట్టుకుంటుంది. వాసనొస్తే గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి, చాలు. అయితే గోమార్ల (పిడుదుల) మందు మాత్రం మొదటి రోజే పడాలి.

మూడో_అంతస్తు

గోమార్లకు పౌడరా, స్ప్రేనా, మాత్రా? పాప ఉంది కాబట్టి పౌడర్లంటే భయం.

వెట్_కరీంనగర్

మాత్ర. ఒంటి మీద మందు ఉండదు కాబట్టి పాప ముట్టుకున్నా ఇబ్బంది లేదు. రెండు రకాలున్నాయి. ఫ్లురలనర్ ఉన్నది (బ్రావెక్టో) మూడు నెలలకోసారి, అఫాక్సొలనర్ ఉన్నది (నెక్స్‌గార్డ్) నెలకోసారి. బరువును బట్టి డబ్బాలు మారతాయి. 14 కిలోలకు బ్రావెక్టోలో 10 నుంచి 20 కిలోల డబ్బా, నెక్స్‌గార్డ్‌లో 10 నుంచి 25 కిలోల డబ్బా. పెద్ద మాత్ర కొని సగం చేసి వాడొద్దు. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. షెల్టర్‌లో తూచిన బరువును నమ్మకుండా క్లినిక్‌లో మళ్లీ తూయించండి.

షాపుల్లో చిన్న సీసాల్లో అమిట్రాజ్ అనే గోమార్ల మందు అమ్ముతారు. నీళ్లలో కలిపే కొలత తప్పితే కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె వేగం తగ్గిపోతుంది. ఇక పొలానికి కొట్టే పురుగుమందు, కాలిన ఇంజన్ నూనె పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ నూనెను కుక్క నాకితే కాలేయం దెబ్బతింటుంది.

గోదారి_గట్టు

కుక్క మీద ఉన్నవి పోయినా ఇంట్లో ఉన్నవి పోవండీ. ఆడ పిడుదు రక్తం తాగి కిందకు దిగి, గోడ పగుళ్లలో, తలుపు చట్రం సందుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. బాల్కనీ గోడల పగుళ్లు వైట్ సిమెంటుతో పూడ్చేయండి, పరుపు గుడ్డలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. కుక్కకు మాత్ర వేస్తూ ఉంటే కొత్తగా పుట్టినవి కూడా దాన్ని కరిచి చస్తాయి. అలా మూడు నాలుగు నెలల్లో ఇల్లు శుభ్రపడుతుంది. ఒకే ఒక్క నెల మాత్ర వేసి ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. చేత్తో తీసేటప్పుడు పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. వేళ్ల మధ్య నలపకండి, స్పిరిట్ సీసాలో వేయండి.

వెట్_కరీంనగర్

పిడుదు మాట వచ్చింది కాబట్టి రక్త పరీక్ష గురించి కూడా చెప్తాను. షెల్టర్ నుంచి వచ్చిన ప్రతి కుక్కకూ మొదటి వారంలో చేయించమంటాను. సీబీసీలో (రక్తకణాల లెక్క) ప్లేట్‌లెట్లు చూడాలి. మామూలుగా రెండు లక్షల నుంచి ఐదు లక్షలు. లక్షలోపు ఉంటే టిక్ ఫీవర్ (పిడుదులు కరిస్తే వచ్చే జబ్బు) అనుమానించాలి. దానిలో రకాలైన ఎర్లీకియా, బబీసియా రెండూ మన దగ్గర ఎక్కువే.

ఇక్కడ పొరపాట్లు మూడు జరుగుతాయి. ఒకటి, క్లినిక్‌లో పది నిమిషాల్లో చెప్పే కిట్ ఎర్లీకియాకు ఒంట్లో ఉన్న యాంటీబాడీలను చూపిస్తుంది. ఎప్పుడో వచ్చి తగ్గిపోయినా పాజిటివ్ వస్తుంది, కాబట్టి ప్లేట్‌లెట్లు, లక్షణాలు కలిపి చూడాలి. రెండు, చాలా కిట్లలో బబీసియా ఉండదు. కిట్ నెగెటివ్ వచ్చింది, కుక్క మాత్రం పాలిపోయింది అంటే స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూడటం) లేదా పీసీఆర్ అడగండి. మూడు, ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. మూడో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, ఐదో రోజుకు ఇంట్లోవాళ్లు మాత్ర ఆపేస్తారు. నెల తిరిగేసరికి మళ్లీ పడుతుంది. పూర్తిగా వాడాలి. ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేసుకుంటుంది, అన్నం తిన్నాకే ఇవ్వాలి. పాలు, పెరుగుతో కలిపి ఇవ్వొద్దు, మందు సరిగా ఒంటబట్టదు. మాత్ర గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది కాబట్టి వెనకాలే కాస్త నీళ్లో, ఒక ముద్దో పెట్టాలి. బబీసియాకు డాక్సీసైక్లిన్ ఒక్కటే సరిపోదు, దానికి వేరే మందులున్నాయి, డాక్టరే రాయాలి.

ఇంట్లో రోజూ చేయగలిగిన పరీక్ష చిగుళ్లు. పై పెదవి ఎత్తి చూడండి, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తెల్లగా ఉన్నా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.

తోక_ఊపు

ఆపరేషన్ అయిన ఆడకుక్కకు కింద రక్తపు చుక్కలు పడుతుంటే? మా పక్క ఫ్లాట్‌లో అడుగుతున్నారు, ఎదకు వచ్చిందనుకుంటున్నారు.

వెట్_కరీంనగర్

@తోక_ఊపు అది ఎద కాదు అనుకునే మొదలుపెట్టాలి. వీధికుక్కల్లో టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్) అనే గడ్డ మామూలు. సంపర్కం వల్ల ఒకదాన్నుంచి ఇంకొకదానికి అంటుకుంటుంది, లోపల కాలీఫ్లవర్ లాంటి ముద్ద ఉంటుంది. మగవాటికీ వస్తుంది. పేరులో ట్యూమర్ ఉందని వదులుకోనక్కర్లేదు. వారానికో విన్‌క్రిస్టిన్ (క్యాన్సర్ మందు) ఇంజెక్షన్ చొప్పున నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలావరకు పూర్తిగా కరిగిపోతుంది. ఇంజెక్షన్ ముందు ప్రతిసారీ రక్తకణాల లెక్క చూస్తారు. ఆ రోజుల్లో దాని మలమూత్రాలు గ్లవుజులు వేసుకుని తీయాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. టీవీటీ కాకపోతే ఆపరేషన్‌లో అండాశయం ముక్క మిగిలిందేమో స్కాన్‌లో చూస్తారు. ఎలాగైనా క్లినిక్‌కు వెళ్లాల్సిందే.

పరుగో_పరుగు

అందరూ జబ్బుల గురించే చెప్తున్నారు. షెల్టర్ కుక్క మొదటి పది రోజుల్లో పోగొట్టుకునేది ఎక్కువగా పారిపోవడం వల్ల. కారు నుంచి లిఫ్టు దాకా ఉండే ఆ ఇరవై అడుగులే అన్నిటికన్నా ప్రమాదం.

కుక్క మెడ, తల కన్నా పెద్దగా సన్నబడదు. బెదిరి వెనక్కి లాగితే మామూలు కాలర్ తల మీదుగా ఊడి వచ్చేస్తుంది. కాబట్టి రెండు పట్టీలు వేయాలి: మెడకు మార్టింగేల్ కాలర్ (లాగితే బిగుసుకుని ఒక మేరకు ఆగేది), ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ). రెండింటికీ రెండు లీషులు, లేదా ఒకే లీష్‌కు రెండు కొక్కేలు. కాలర్ కింద రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు. లీష్ పిడిని చేతికి చుట్టుకోవద్దు, మణికట్టుకు తొడుక్కుని పట్టుకోండి. సాగే రీల్ లీష్ ఈ నెలంతా ఇంట్లోనే ఉండనివ్వండి.

కారులో వెనక సీటు, హార్నెస్‌కు సీటు బెల్టు కొక్కెం. ప్రయాణానికి నాలుగు గంటల ముందు నుంచి తిండి వద్దు, వాంతి చేసుకుంటుంది, నీళ్లు పర్వాలేదు. కారు తలుపు తీసే ముందే లీష్ చేతిలో ఉండాలి. ఫ్లాట్ లోపలికి వెళ్లి, తలుపు వేసి, గడియ పెట్టాకే లీష్ వదలాలి. మొదటి వారం ఇంట్లో కూడా హార్నెస్‌కు రెండు మీటర్ల తేలిక తాడు వేలాడనివ్వండి. సోఫా కిందికి దూరితే చెయ్యి పెట్టి లాగకుండా ఆ తాడుతో బయటకు రప్పించవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం తీసేయండి, ఎక్కడైనా చిక్కుకుంటుంది.

బాల్కనీ గ్రిల్ ఊచల మధ్య సందు కొలవండి. 14 కిలోల ఇండీ తల దూరితే ఒళ్లు కూడా దూరుతుంది. నాలుగు అంగుళాలు దాటితే మెష్ కట్టించండి.

మూడో_అంతస్తు

ఒకవేళ పారిపోతే?

పరుగో_పరుగు

వెంటపడొద్దు, పేరు పెట్టి అరవొద్దు. ఆ పేరు దానికింకా తెలీదు. నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, వాసనొచ్చే తిండి, ఉడికించిన చికెన్ గానీ గుడ్డు గానీ, పక్కన పెట్టండి. కనుమరుగైతే పారిపోయిన చోటే తిండి, నీళ్లు, అది పడుకున్న గుడ్డ పెట్టి, అర్ధరాత్రి దాటాక, రోడ్డు సద్దుమణిగాక చూడండి. ఎక్కువగా ఒకటి రెండు కిలోమీటర్ల లోపే దాక్కుంటాయి. షెల్టర్‌లో దానికి బాగా అలవాటైన మనిషిని రప్పించడం మిగతా అన్నిటికన్నా పనిచేస్తుంది. కాలర్‌కు ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఆదివారం ఉదయానికే తగిలించి ఉండాలి.

ఓరుగల్లు_పిల్లగాడు

ఆదివారం నాడు చుట్టాలందర్ని పిలిచి చూపెట్టకుండ్రి. మూడు రోజులు ఒక్క మూల ఇయ్యుండ్రి, గంతే. హాల్‌ల జనం ఎక్కువ తిరగని దిక్కు పరుపు, నీళ్ల గిన్నె పెట్టి ఇడిసిపెట్టుండ్రి. ఎవ్వరు నిమరొద్దు, కండ్లల్లకు చూడొద్దు. అదే లేసి అస్తది. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి టైము తెలుస్తది, మూడు నెలలకు మనది అయితది. అందరు చెప్పే లెక్క ఇది, అటు ఇటు అయితది గని పెద్ద తేడ రాదు.

బెజవాడ_బుల్లెట్

@ఓరుగల్లు_పిల్లగాడు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఒకటి కలుపుతా. మొదటి రెండు మూడు రోజులు చాలా కుక్కలు తినవు, ఒకరోజు మొత్తం మూత్రం కూడా పోయవు. నీళ్లు తాగుతుంటే తిండికి 48 గంటల దాకా ఆగొచ్చు. నీళ్లు కూడా ముట్టకపోతే, వాంతి విరేచనం ఉంటే డాక్టర్ దగ్గరికి.

మూడో_అంతస్తు

తిండి విషయం ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు శాకాహారి, వంటింట్లో మాంసం వండనివ్వరు. గుడ్డు వరకు ఒప్పుకున్నారు.

గోదారి_గట్టు

అలాగైతే ప్యాకెట్ ఫుడ్డే నయం అండి. అందులో కొలతలన్నీ సరిచూసి ఉంటాయి. ఆపరేషన్ అయిన 14 కిలోల కుక్కకు రోజుకు 700 నుంచి 800 కేలరీలు సరిపోతాయి. ప్యాకెట్ వెనక వంద గ్రాములకు ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది, చాలావాటికి 350 నుంచి 370. అంటే రోజుకు 200 నుంచి 220 గ్రాములు, రెండు పూటలుగా. గుడ్డు పెడితే 70 కేలరీలు, ఆ మేరకు 20 గ్రాములు తగ్గించండి. కప్పుతో కాదు, కిచెన్ త్రాసుతో తూచండి. ప్రక్కటెముకలు చేతికి తెలుస్తూ, కంటికి బయటకు కనిపించకుండా ఉంటే బరువు సరిగ్గా ఉన్నట్టు.

మొదటి నాలుగు రోజులు షెల్టర్‌లో తిన్నదే పెట్టండి. తర్వాత వారం రోజుల్లో పావు, సగం, ముప్పావు అంటూ మార్చండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు ఖాయం.

బెజవాడ_బుల్లెట్

ఇంటి తిండి పెట్టేవాళ్ల కోసం కూడా ఇక్కడే రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. అదే 14 కిలోల కుక్కకు రోజుకు ఎముకల్లేని ఉడికిన చికెన్ 250 గ్రాములు, అన్నం 200 గ్రాములు, ఉడికించిన గుమ్మడి, క్యారెట్, బీన్స్ కలిపి 80 గ్రాములు. చికెన్‌లో ఎముక లేదు కాబట్టి కాల్షియం లేదు. గుడ్డు పెంకు కడిగి, పది నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి మెత్తగా పొడి చేసి రోజుకు అర టీస్పూను కలపాలి. వారానికి 30 గ్రాముల కోడి లివర్, అంతకు మించొద్దు. ఇదంతా చేసినా జింక్, అయోడిన్, విటమిన్ ఇ తక్కువ పడతాయి, డాక్టర్‌ను అడిగి సప్లిమెంట్ వేయాలి.

పెరుగన్నంతో చావదు, కానీ అదే రోజూ రెండు పూటలా పెడితే ప్రొటీన్ చాలక కండ కరిగిపోతుంది, వెంట్రుకలు రాలతాయి. ఎండాకాలం మధ్యాహ్నం రెండు ముద్దలు పర్వాలేదు.

వెట్_కరీంనగర్

మన ఇళ్లలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినవి: ఉల్లి, వెల్లుల్లి ఎర్రకణాలను దెబ్బతీస్తాయి, కాబట్టి తాలింపు వేసిన కూరలు, సాంబారు, బిర్యానీ మసాలా వద్దు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కిడ్నీలను పాడుచేస్తాయి, అందువల్ల పాయసం, కేసరి ఇవ్వొద్దు. ద్రాక్షలో కారణం టార్టారిక్ ఆమ్లమని పశువైద్యులు అనుమానిస్తున్నారు, అది చింతపండులోనూ ఉంటుంది. పులిహోర, పప్పుచారు కూడా ఆ లెక్కలో ఆపేయండి. చాక్లెట్, జైలిటాల్ ఉన్న షుగర్‌లెస్ చూయింగ్ గమ్, వండిన ఏ ఎముకైనా వద్దు. వండిన ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుంది. అత్తగారు ప్రేమగా ప్రసాదం పెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ జాబితా ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

మూడో_అంతస్తు

అంటించేస్తాం. ఆవిడే మొదట చదువుతారు. టాయిలెట్ అలవాటు ఎలా?

పరుగో_పరుగు

వీధిలో పెరిగింది కాబట్టి టైల్స్ మీద పోయడం దానికే ఇష్టం ఉండదు, మట్టి, గడ్డి వెతుక్కుంటుంది. అది మీకు కలిసొచ్చే విషయం. లేవగానే, తిన్న ఇరవై నిమిషాలకు, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు, మొదటి రెండు వారాలు ఐదుసార్లు దించండి. ఒకే మట్టి చోటుకు తీసుకెళ్లి పది నిమిషాలు కదలకుండా నిలబడండి. పోసిన మూడు సెకన్లలోపు అక్కడే చిన్న ముక్క తినిపించండి, ఇంటికొచ్చాక ఇస్తే దేనికిచ్చారో దానికి తెలీదు. ఇంట్లో పోస్తే అరవకుండా, ముక్కు రుద్దకుండా తుడిచేయండి. అరిస్తే మీ ముందు పోయడం మానేసి సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది.

గోదారి_గట్టు

తుడవడానికి ఫినాయిల్ వాడొద్దండి. కుక్క తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, ఫినాల్ రకాలు దానికి విషం. వాసన కూడా పూర్తిగా పోదు, మళ్లీ అక్కడే పోస్తుంది. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, పోసి పది పదిహేను నిమిషాలు ఆగి తుడవాలి. మూత్రం మీద నేరుగా బ్లీచ్ పోస్తే ఘాటు వాయువు పుడుతుంది, ముందు నీళ్లతో కడగాలి.

సెక్రటరీ_బ్లాక్_బి

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వైపు నుంచి చెప్తున్నాను. మీ వాళ్లు గొణగడంలో సగం భయం, సగం అలవాటు. కేంద్ర జంతు సంక్షేమ మండలి సూచనల ప్రకారం మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించలేరు, లిఫ్టు వాడొద్దని కూడా అనలేరు. కానీ ఆ కాగితం పట్టుకుని గొడవకు దిగకండి. జీహెచ్‌ఎంసీలో పెంపుడు కుక్కగా రిజిస్టర్ చేయించి, ఆ కాపీ, రేబిస్ టీకా కాపీ ఆఫీసులో ఇవ్వండి. లిఫ్టులో ఎవరైనా ఉంటే తర్వాతి ట్రిప్పుకు ఆగండి. లీష్ పొట్టిగా పట్టుకోండి, మలం కవర్లో తీసి పారేయండి. ఈ నాలుగూ చేసినవాళ్ల మీద నెల తర్వాత ఫిర్యాదులు ఆగిపోతాయి.

ఓరుగల్లు_పిల్లగాడు

నచ్చకుంటే మల్ల అదే గల్లీల ఇడిసిపెట్టొచ్చు అని కొందరు అనుకుంటరు. గది మాత్రం జెయ్యొద్దు.

సెక్రటరీ_బ్లాక్_బి

@ఓరుగల్లు_పిల్లగాడు అవును, చట్టం కూడా అదే అంటోంది. జంతువును తిండి, నీళ్లు లేకుండా బాధపడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. 2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలో, దత్తత కోరేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని చెబుతూనే, అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని స్పష్టంగా చెప్పింది. కుదరకపోతే షెల్టర్‌కే తిరిగి ఇవ్వాలి. దత్తత కాగితంలో ఆ షరతు రాయించుకోండి.

ఆదివారం_వాలంటీర్

పాప గురించి. నాలుగు నియమాలు పాపకు ఆదివారంలోపే నేర్పండి: తినేటప్పుడు దగ్గరికి పోకూడదు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు, కౌగిలించుకోకూడదు, ముఖం మీద ముఖం పెట్టకూడదు. నిమరాలంటే చెయ్యి కింద నుంచి చాచి, ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి ఆపాలి. మళ్లీ దగ్గరికి వస్తే ఇంకో మూడు సెకన్లు. తల తిప్పుకున్నా, పెదాలు నాకినా, ఆవలించినా చాలు అని అర్థం.

గుర్రుమంటే తిట్టొద్దు. అది ముందు హెచ్చరిక. ఆ హెచ్చరికను కొట్టి మాన్పిస్తే ఈసారి చప్పుడు లేకుండా నేరుగా కరుస్తుంది. చెప్పో, బొమ్మో నోట కరుచుకుంటే లాక్కోకండి, అంతకన్నా రుచైనది చూపించి మార్చుకోండి.

వెట్_కరీంనగర్

పొరపాటున పన్ను గానీ గోరు గానీ తగిలి రక్తం వస్తే, కుక్కకు టీకా ఉన్నా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. మనిషికి రేబిస్ టీకాలు కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఇంటి కుక్క అయితే పది రోజులు గమనించాలి. కుక్కల రేబిస్ టీకా కూడా ఏటా జులై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, గుర్తు పెట్టుకోండి.

డాలస్_నుంచి

వచ్చే ఏడాది కుక్కతో సహా అమెరికా రావాల్సి ఉంటే ఇప్పటినుంచే ఏం చూసుకోవాలో చెప్తా, చాలామందికి ఆఖర్లో తెలుస్తోంది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా సీడీసీ (అక్కడి జబ్బుల నియంత్రణ సంస్థ) నియమాలు మారాయి. రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. వరుస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాలి. చిప్ ఐఎస్‌ఓ రకం, 15 అంకెలది అడగండి. ఇండియాలో టీకా వేసిన కుక్కకు సీడీసీ ఒప్పుకున్న ల్యాబ్‌లో రేబిస్ టైటర్ పరీక్ష (టీకా ఒంటికి పట్టిందో లేదో చూసే రక్త పరీక్ష) చేయించాలి. మొదటి టీకా అయిన 30 రోజుల తర్వాత రక్తం తీయాలి, ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు తీసి ఉండాలి. టైటర్ లేకపోతే ఇక్కడ 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మనదే. కుక్కకు ఆరు నెలలు నిండాలి. సీడీసీ రిజిస్టర్ చేసిన కేంద్రం ఉన్న విమానాశ్రయాల్లోనే దింపాలి, అంటే అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలిస్ లాంటివి. టికెట్ కొనే ముందే అక్కడ రిజర్వేషన్ తీసుకోవాలి.

తోక_ఊపు

చిప్ అంటే జీపీఎస్ కదా? పారిపోతే ఫోన్‌లో కనిపిస్తుందా?

డాలస్_నుంచి

కనిపించదు. అందులో బ్యాటరీ లేదు, నంబరు మాత్రమే ఉంటుంది. భుజాల మధ్య చర్మం కింద పెడతారు, స్కానర్ ఆనిస్తేనే చదువుతుంది. ఆ నంబరుకు మీ ఫోన్ నంబరు జత చేసి రిజిస్టర్ చేయకపోతే చిప్ ఉన్నా ప్రయోజనం లేదు. టీకాకు వెళ్లిన ప్రతిసారీ ఒకసారి స్కాన్ చేయించండి, అప్పుడప్పుడు జరిగి భుజం కిందికి దిగుతుంది.

మూడో_అంతస్తు

ఇంకొక్కటే. పండగ దగ్గరికొస్తోంది, టపాకాయలకు ఏం చేయాలి? కొత్త కుక్క కదా.

వెట్_కరీంనగర్

ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడండి. ట్రాజొడోన్, గాబాపెంటిన్ లాంటి భయం తగ్గించే మందులు బరువును బట్టి రాస్తారు. పండగకు వారం ముందు మామూలు రోజున ఒకసారి వేసి ఎంత మత్తు వస్తుందో చూసుకోవాలి. పండగ నాడు మొదటి మోత వినపడటానికి గంటన్నర, రెండు గంటల ముందు ఇవ్వాలి, భయం మొదలయ్యాక ఇస్తే పనిచేయదు. కొన్నిచోట్ల ఏసీప్రొమజైన్ ఒక్కటే ఇస్తారు. దాంతో ఒళ్లు కదలదు గానీ భయం తగ్గదు, అదొక్కటే వద్దని చెప్పండి.

పరుగో_పరుగు

సాయంత్రం నాలుగింటికల్లా కింద తిప్పి తెచ్చేయండి, రాత్రి మళ్లీ దించాల్సి వస్తే రెండు లీషులూ వేసి అర్ధరాత్రి దాటాక. కిటికీలు లేని లోపలి గదో, బాత్రూమ్ పక్క నడవో చూసి పరుపు అక్కడికి మార్చండి. ఫ్యాన్ ఫుల్‌లో, టీవీ శబ్దం కాస్త ఎక్కువగా పెట్టండి. మంచం కిందికి దూరితే అక్కడే ఉండనివ్వండి, బయటకు లాగొద్దు. దగ్గర కూర్చుంటే మంచిదే, భయపడే కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందనేది నిజం కాదు. ఆ రాత్రి మెయిన్ డోర్ తీసే ముందు కుక్క ఏ గదిలో ఉందో చూసి, ఆ గది తలుపు వేశాకే తీయండి. ఈ మాట ఇంట్లో అందరికీ, పనమ్మాయికి, స్వీట్లు ఇవ్వడానికి వచ్చే పక్కింటివాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి.